పేపర్లన్నీ క్లియరే!

తాండూరు మార్కెట్ యార్డులో కందులు కొనే మనిషిని చూడండి. బస్తా అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు, ఒక గింజ కొరికి తేమ ఎంతుందో చెప్పేస్తాడు. నాపరాయి కొనేవాడు ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. బండను వేలి కణుపుతో కొట్టి, మోగిన తీరును బట్టి లోపల పగులుందో లేదో తేలుస్తాడు. ఇంతటి పరీక్షాధికారి అదే సాయంత్రం లక్షలు పోసి సెకండ్ హ్యాండ్ కారు కొంటాడు. ఏం చూస్తాడు? హారన్ కొడతాడు. ఏసీ పెడతాడు. నంబరులోని అంకెలు కూడుతాడు. తొమ్మిదొచ్చిందా, బేరం కుదిరినట్టే.

"అన్నా, డాక్టర్ సాబ్ బండి. సింగిల్ హ్యాండ్. ఇంజన్ మక్ఖన్ లెక్క నడుస్తది. పేపర్లన్నీ క్లియర్."

పాత కార్ల కన్సల్టెన్సీల్లో ఈ డాక్టర్ సాబ్ తప్పకుండా ఉంటాడు. ఇంతమంది డాక్టర్లు ఇన్ని కార్లు అమ్ముకుంటున్నారంటే వికారాబాద్ జిల్లాలో ఒక్క పీహెచ్‌సీలోనూ డాక్టరు కుర్చీ ఖాళీగా ఉండకూడదు. పోనీ ఆయనతో ఒక్క మాట మాట్లాడిస్తావా అంటే, పాపం, ఎప్పుడు చూసినా ఆపరేషన్‌లోనే ఉంటాడు. ధర ఎందుకింత తక్కువని అడిగితే అమెరికా పోతున్నాడంటారు. విమానంలో ఆపరేషన్లు చేసుకుంటూ పోతున్నాడు కాబోలు.

ఆ డాక్టర్ సాబ్ బండి దొంగబండి కూడా కావచ్చు. దొంగబండికి మన దాకా రావడానికి దారులకు కొదవ లేదు. నెలనెలా అద్దె ఇస్తామని యజమానుల దగ్గర కార్లు తీసుకుని, ఇంకోచోట కుదువపెట్టి మాయమయ్యే ముఠాల వార్తలు తెలంగాణకు కొత్త కాదు. పదేళ్లు నిండిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగొద్దని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు సరేనంది. అక్కడి కార్లు ఎన్వోసీలు పట్టుకుని దక్షిణానికి వలసొచ్చాయి. వాటిలో నికార్సైనవీ ఉన్నాయి. ఆ గుంపులో దొంగది కలిసిపోవడానికి అదే చాలు.

అన్నిటికన్నా తెలివైన దారి చచ్చిన బండిది. ప్రమాదంలో నుజ్జయిన కారును ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ అని రాసేస్తారు. రేకు తుక్కు కొట్టుకు పోతుంది. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలని చట్టం చెబుతుంది గానీ, ఆ కబురు అందని చోట ఆర్సీ బతికే ఉంటుంది. ఇక అదే మోడల్, అదే రంగు కారు ఇంకెక్కడో మాయమవుతుంది. దాని నంబరు గీరేసి, చచ్చినదాని నంబరు కొడతారు. మీరు ఫోన్‌లో యాప్ తెరిచి చూస్తే అన్నీ పచ్చగా కనబడతాయి. ఎందుకు కనబడవు? మీరు చూస్తున్నది పుణ్యలోకాలకు పోయిన బండి చరిత్ర.

అందుకే ఒక చిన్న పని. ఆర్టీఏ ఫారాల్లో ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ కోసం జాగా ఉంటుంది. నంబరు మీద సన్న కాగితం పెట్టి, పెన్సిల్ వాల్చి రుద్దితే అంకెలు తేలతాయి. ఆ పని ఏజెంటు దగ్గరి పోరడు చేస్తాడు, ఆ సమయానికి మనం చాయ్ తాగుతుంటాం. ఈసారికి చాయ్ చల్లారనివ్వండి. బానెట్ ఎత్తించండి. కొన్ని మోడళ్లలో నంబరు ముందు సీటు దగ్గర కార్పెట్ చాటున ఉంటుంది, కార్పెట్ లేపించండి. మొత్తం 17 గుర్తులు, ఒకే లోతు, ఒకే వరస. ఒక అంకె కుంటుతోందా? చుట్టూ ఆకురాయి పట్టిన గీతలున్నాయా? అక్కడొక్కచోటే రంగు కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోందా? ఒకటితోనూ సున్నాతోనూ పొరబడకుండా ఆ 17లో ఇంగ్లిషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడకూడదని అంతర్జాతీయ నియమం. మీ బండి మీద 'ఓ' కనబడిందంటే ఆ చెక్కుడు కంపెనీలో జరగలేదు, ఏదో షెడ్డులో జరిగింది. చెక్కినవాడికి చదువు తక్కువ, చెయ్యి మాత్రం మంచిదే.

ఇక సర్కారు వారి సంగతి. మన్నెగూడ రోడ్డు మీద సీటు బెల్టు మరిచిపోండి, ఫొటోతో సహా చలానా ఇంటికొస్తుంది. అదే సర్కారును "ఈ బండి పోయిందని ఎక్కడైనా కేసుందా?" అని అడిగి చూడండి. దేశంలోని బండ్లన్నిటినీ ఒకే ఖాతాలోకి ఎక్కించే వాహన్ పోర్టల్ ఏళ్ల తరబడి ఒక చిన్న గమనికతో నడిచింది: తెలంగాణ మినహా. మనకు మన సాఫ్ట్‌వేరు, మన పౌరుషం. చేరాలన్న నిర్ణయానికి 2024 దాకా పట్టింది. తాండూరు దాటి కాస్త పోతే కర్ణాటక. సేడం బండి ఆ కంప్యూటర్లో, మన బండి మన కంప్యూటర్లో. రెండిటికీ పలకరింపులు అంతంతమాత్రంగానే ఉండేవి. ఇన్నేళ్లూ ఆ సరిహద్దును మనస్ఫూర్తిగా గౌరవించనివాడు దొంగ ఒక్కడే.

చట్టంలో లేదా అంటే ఉంది. వేరే రాష్ట్రానికి ఎన్వోసీ ఇచ్చేముందు బండి మీద దొంగతనం కేసు లేదని పోలీసుల రాతపూర్వక నివేదిక తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ అంటుంది. పోయిన బండ్ల వివరాలు చూసుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో 'వాహన్ సమన్వయ్' పెట్టింది. ఆ సంగతి చెప్పే బోర్డు కోసం ఆర్టీఏ ఆఫీసు చుట్టూ వెతకండి, ముందుగా ఏజెంట్ల ఫోన్ నంబర్లు దొరుకుతాయి. పాత ఫోన్ కొనేటప్పుడు కేవైఎం అని కొట్టి, పక్కన ఐఎంఈఐ రాసి 14422కు మెసేజ్ పెడితే అది బ్లాక్‌లిస్టులో ఉందో లేదో తెలుస్తుంది. జేబులో పట్టే వస్తువుకున్న ఆ భాగ్యం ఇంటిముందు పట్టని వస్తువుకు ఎప్పుడో!

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ అధికార పత్రం తీసుకోవాలి, చేతికొచ్చిన ప్రతి బండి సంగతీ ఆన్‌లైన్‌లో తెలపాలి. కన్సల్టెన్సీ గోడ మీద వేంకటేశ్వరస్వామి ఉంటాడు, ఎమ్మెల్యేతో దిగిన ఫొటో ఉంటుంది. ఆ పత్రం ఏదని అడగండి. "గదేం పత్రమన్నా?" అని మిమ్మల్నే అడగొచ్చు.

మన ఘనతా తక్కువేం కాదు. ఎవరో సంతకం పెట్టిన ఖాళీ 29, 30 ఫారాలు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ. వీటితోనే ఏడాది తిరుగుతాం. కొన్నవాడు 30 రోజుల్లో బండి తన పేరు మీదికి మార్పించుకోవాలన్న నిబంధన మనకు పంచాంగంలో దుర్ముహూర్తం పాటి కూడా పట్టదు. డాలస్‌లో ఉన్న కొడుకు పాత కొరొల్లా కొనేముందు దాని జాతకమంతా తీస్తాడు. అక్కడ 1992 నాటి కారు దొంగతనాల చట్టం కింద టైటిళ్ల జాతీయ వ్యవస్థే ఉంది. ఆ కొడుకే ఇంటికి పైసలు పంపి, "నీకు నచ్చితే తీసుకో బాపూ" అంటాడు. బాపు అనంతగిరి గుట్టెక్కి, స్వామి ముందు బండి నిలిపి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కిస్తాడు. అసలు యజమాని ఇదే బండి దొరకాలని ఏ దేవుడికి మొక్కాడో మరి.

ఆయన మొక్కు ఫలించిన రోజున పోలీసులొస్తారు. అమ్మినవాడికే లేని హక్కు కొన్నవాడికి రాదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం. దొంగసొత్తని నమ్మడానికి కారణం ఉండీ దురుద్దేశంతో తీసుకుంటే మూడేళ్ల దాకా జైలని భారతీయ న్యాయ సంహిత 317. సగం ధరకు రావడం కారణం కాదా అని ప్రభుత్వ వకీలు అడిగితే అప్పుడు డాక్టర్ సాబ్‌ను సాక్ష్యానికి పిలవాలి. పట్టుకున్న బండ్లను స్టేషన్లలో ఏళ్ల తరబడి పెట్టొద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో చెప్పింది. ఠాణాల వెనుక తుప్పు పడుతున్న కార్లు ఆ తీర్పు కోసమే ఎదురుచూస్తున్నాయి. ఒకవేళ విడుదలైనా పోయేది అసలు యజమానికి, లేదా క్లెయిమ్ చెల్లించిన ఇన్సూరెన్స్ కంపెనీకి. మీరు ముచ్చటపడి వేయించిన సీటు కవర్లతో సహా.

కొనక తప్పదంటారా, ఒక్క మాట అనండి: "బయానా ఇస్తా. ఆర్సీలో పేరున్న మనిషిని ఆర్టీఏ ఆఫీసుకు పిలువు. బండి నా పేరు మీదికి మారినంక మిగతాది ఆయన బ్యాంకు ఖాతాలోనే వేస్త." కన్సల్టెన్సీలో కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. తర్వాత "గంత నమ్మకం లేకపోతే ఎట్లన్నా?" అంటాడు. అరగంటలో నగదు పట్టుకుని ఇంకో పార్టీ వస్తున్న సంగతి ఆయనకు అప్పుడే గుర్తొస్తుంది.

రానివ్వండి.