నల్లగొండ నీళ్ళ మీద వేసిన నింద

ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. నీటి కాఠిన్యం పాఠం నాకు కంఠతా వచ్చు. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర ఎందుకు కడుతుందో, కరిగి ఉన్న కాల్షియం లవణాలు ఎలా గట్టిపడి పేరుకుంటాయో బోర్డు నిండా సమీకరణాలు రాసి మరీ చెప్పేవాణ్ణి. వెనక్కి తిరిగి నవ్వితే, దాదాపు అదే పని నా నోట్లోనూ జరుగుతున్న సంగతి ముందు బెంచీ పిల్లలకు కనపడే ఉంటుంది. నాకే కనపడలేదు.

పళ్ళ మొదళ్ళలో పసుపూ గోధుమరంగూ కలిసిన గట్టి పొర. ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది: "మా నల్లగొండ నీళ్ళండీ, ఫ్లోరైడు!" మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్ళకు ఫ్లోరైడు చేసిన చేటు అందరూ విన్నదే కాబట్టి అవతలివాళ్ళు జాలిగా తలూపి ఊరుకునేవారు. కానీ నేను పుట్టి పెరిగింది మంథనిలో, గోదావరి నీళ్ళు తాగి. నల్లగొండకు ఉద్యోగం మీద వచ్చేసరికి 30 దాటాయి. ఫ్లోరైడు మచ్చ పడేది చిన్నతనంలో, చిగురు లోపల పన్ను తయారవుతూ ఎనామిల్ పోసుకునే దశలో. ఆ వయసు దాటినవాడికి కొత్తగా రాదు. పైగా అది ఎనామిల్‌లోనే కలిసిపోయే మచ్చ. నాది గోటికి గరుకుగా తగిలే పొర. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే 'నల్లగొండ పద్ధతి' గురించి క్లాసులో చెప్పినవాడికి ఈ తేడా తెలియదంటే ఎవరు నమ్ముతారు? తెలుసు. నిజంగా బాధపడ్డవాళ్ళ కష్టాన్ని నా బద్ధకానికి అడ్డం పెట్టుకున్నాను. మిగతా తెలివితక్కువ పనులకు ఇప్పుడు నవ్వొస్తుంది, దీనికి మాత్రం రాదు.

తర్వాత రక్తం మొదలైంది. బ్రష్ గుచ్చుకుంటోందని నేనే తీర్మానించుకుని, రక్తం వచ్చే చోట బ్రష్ ఆనించడం మానేశాను. ఆనించని చోట పాచి ఉండిపోతుంది. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు చేరి రెండు మూడు రోజుల్లోనే అది గట్టిపడడం మొదలవుతుంది. ఆ గరుకు గార మీద ఇంకా పాచి, చిగురుకు ఇంకా వాపు, ఇంకా రక్తం, నేను బ్రష్‌కు ఇంకా దూరం! పేస్టులు మాత్రం శ్రద్ధగా మార్చాను. లవంగం పేస్టు, ఉప్పు పేస్టు, వేప పేస్టు. ఒకసారి గట్టిపడ్డ గారను ఏ పేస్టూ కదిలించలేదు. "ఒక్కసారి పండ్ల డాక్టర్‌కు చూపిచ్చుకోరాదుండ్రి" అని మా ఆవిడ అంటే, స్టాఫ్‌రూములో విన్న మాట అప్పజెప్పేవాణ్ణి: "క్లీనింగ్ చేయిస్తే పండ్లు కదుల్తయట."

క్లీనింగ్ చేయించకుండానే కదిలింది. జామకాయ కొరుకుతుంటే, కింది వరసలో ముందు పన్ను.

"సార్, షుగరుందా?" డాక్టరమ్మ మొదటి ప్రశ్న అది. షుగరు చిగుళ్ళ జబ్బును ముదరబెడుతుందట, చిగుళ్ళ జబ్బు షుగరును ఓ పట్టాన అదుపులోకి రానివ్వదట. నా షుగరు మాత్రలు పెరిగినప్పుడల్లా నేను అన్నాన్నే తిట్టుకున్నాను. తర్వాత నా చేతికి అద్దమిచ్చి కింది పళ్ళ వెనకభాగం చూపించింది. అక్కడ పన్నుకూ పన్నుకూ మధ్య గీత లేదు, అంతా ఒకటే గోడ. నాలుక కింద లాలాజలం ఊరే చోటు దగ్గరే కాబట్టి గార ఎక్కువగా కట్టేది అక్కడేనట. "కాలేజీలో ఏం చెప్పేవారు సార్?" అంది. "కెమిస్ట్రీ" అన్నాను. మాస్కు వెనక నవ్విందేమో తెలియదు.

క్లీనింగ్‌కు వాడే స్కేలింగ్ మిషను కొన సెకనుకు 25,000 సార్ల పైనే కంపిస్తుంది. వేడెక్కకుండా నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి. నేను భయపడ్డట్టు అది పన్నును చెక్కదు, అంటుకున్న గారను అదరగొట్టి ఊడగొడుతుంది. ఒక పెచ్చు స్టీలు ట్రేలో టక్కున పడితే తీసి చూశాను. మినప్పప్పు బద్దంత ఉంది. పైకి కనపడే వైపు పసుపు, చిగురు కింద దాక్కున్న వైపు నలుపు.

లేచి నోరు పుక్కిలించి నాలుకతో తడిమితే అన్నీ సందులే! "చూశావామ్మా, పళ్ళు ఎడమైనయి" అని గొడవకు దిగాను. ఆవిడ ఏమీ అనకుండా ఎక్స్‌రే చూపించింది. పళ్ళను పట్టి ఉంచే ఎముక అక్కడ సగం దాకా కరిగిపోయి ఉంది. ఆ ఖాళీలో ఇన్నాళ్ళూ గార పూడుకుని ఉందంతే. వట్టి చిగురు వాపైతే క్లీనింగ్‌తో, సరైన బ్రషింగ్‌తో తగ్గిపోతుంది. ఎముక దాకా వెళ్ళాక ముదరకుండా ఆపడమే తప్ప, పోయింది మామూలుగా తిరిగి రాదు.

ఊగే పన్నును పక్క పళ్ళతో కలిపి సన్నటి తీగతో కట్టారు. నన్ను మూడు నెలలకోసారి రమ్మన్నారు. అందరికీ అంత అక్కర్లేదు. ఆరు నెలలన్నది వాడుకలో పడిన లెక్క; చిగుళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకు ఏడాదికోసారి చాలొచ్చు, షుగరున్నవాళ్ళూ పొగ తాగేవాళ్ళూ ఇంకా ముందే వెళ్ళాల్సి రావచ్చు. చూసి చెప్పాల్సింది డాక్టరే. ఖర్చుకు వెనకాడేవాళ్ళకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ గవర్నమెంటు డెంటల్ కాలేజీలున్నాయి.

మీరూ ఒకసారి కింది ముందు పళ్ళ వెనక నాలుకతో తడిమి చూసుకోండి. గరుకుగా తగిలినా, ఉమ్మిలో ఎర్రగా కనపడినా పేస్టు మార్చకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.