యుద్ధాల బాబాయ్

ఎక్కడైనా యుద్ధం మొదలైందని టీవీలో చెప్పగానే అందరూ "అయ్యో పాపం" అంటారు. యుద్ధాల బాబాయ్ మాత్రం "కాసు ఎంతకెళ్లిందట?" అంటాడు. అలాగని కఠినాత్ముడేం కాదు, పక్కింటి కుక్కకు జ్వరమొచ్చినా ఆయనకు అన్నం సహించదు. కాకపోతే ప్రపంచ పటాన్ని రేట్ల పట్టికలా చదువుతాడు. ఉక్రెయిన్ అంటే పొద్దుతిరుగుడు నూనె, రష్యా అంటే పల్లాడియం, ఇరాన్ అంటే పెట్రోలు.

2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి దిగాయి. ఆ రోజు సెన్సెక్స్ 2,702 పాయింట్లు కూలింది. బాబాయ్ ఉన్న షేర్లన్నీ అమ్మిపారేశాడు. మర్నాడే సూచీ 1,300 పాయింట్లకు పైగా లేచింది. "ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ" అని తేల్చేసి, పిన్నిని వెంటబెట్టుకుని నగల దుకాణానికి బయల్దేరాడు.

మార్చి 8న ఔన్సు బంగారం 2,070 డాలర్లు తాకింది. బాబాయ్ గాజులు కొన్నది సరిగ్గా ఆ వారమే. తరుగు, మజూరీ, జీఎస్టీ కలిపిన బిల్లు చూసి పిన్ని గుండె మీద చెయ్యేసుకుంటే, "యుద్ధం ముదిరితే ఈ ధరకీ దొరకదే" అన్నాడు. మార్చి 8నే లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో నికెల్ టన్ను లక్ష డాలర్లు దాటేసరికి వ్యాపారం ఆపేశారు. స్టెయిన్‌లెస్ స్టీల్లో నికెల్ ఉంటుందని చదివిన బాబాయ్, ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు ఒక్కొక్కటే చేత్తో తూచి చూశాడు.

యుద్ధం ముదిరింది. బంగారం దిగింది.

ధరల మంట ఆర్పడానికి అమెరికా ఫెడరల్ రిజర్వ్ వరసగా వడ్డీ రేట్లు పెంచింది. వడ్డీ పుట్టని లోహం మీద మదుపరులకు మోజు తగ్గి, సెప్టెంబరు ఆఖరుకి ఔన్సు 1,630 డాలర్ల దగ్గరికి జారింది. ఇక్కడ రూపాయి నీరసించింది, జులైలో దిగుమతి సుంకం 15 శాతానికి చేరింది. అందుకే మనకు అంత దెబ్బ తెలియలేదు. ఆ రెండూ తాను ముందే ఊహించానని బాబాయ్ ఇప్పటికీ చెబుతాడు.

చరిత్ర అడిగితే ఇంక ఆగడు. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్థాన్‌లోకి వెళ్లాయి, జనవరికల్లా బంగారం 850 డాలర్లు తాకింది అంటూ వేళ్లు మడుస్తాడు. మళ్లీ ఆ ధర చూడ్డానికి 2008 దాకా ఆగాల్సొచ్చిందన్న ముక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం టీ చల్లారిపోతోందని గుర్తొస్తుంది.

ఆయనకు మహా ఇష్టమైన కథ నిజాంది. 1965లో దేశ రక్షణకు 5 టన్నుల బంగారం ఊరికే ఇచ్చేశాడని కళ్లు చెమ్మగిల్లేలా చెబుతాడు. ఓసారి ఎదురింటి రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఊరికే కాదండీ. 425 కిలోలు, జాతీయ రక్షణ గోల్డ్ బాండ్లలో పెట్టాడు. ఆరున్నర శాతం వడ్డీకి." బాబాయ్ నోరెళ్లబెట్టాడు. "బంగారానికి వడ్డీ కూడానా!" ఆ రోజు నుంచి నిజాం మీద గౌరవం రెట్టింపైంది.

తర్వాతి ఏళ్లలో ధర బాగా పెరిగాక, గాజులు మార్చి లాభం కళ్లజూద్దామని కాగితం మీద లెక్కకట్టాడు. పిన్ని చేతులు కొంగు చాటున దాచుకుంది.

"షేర్లు అమ్మిన రోజు నన్నడిగారా? ఇవి నావి. మీకు కావాలంటే ఇంకో యుద్ధం చూసుకోండి."