చూసి ఒక మాట చెప్పు మామా

చెరువుకు కరువొచ్చినా కంభంలో సలహాలకు కరువు రాదు. ఎవరైనా టీ కొట్టు పెడితే, టీ అలవాటు లేనివాడు కూడా చక్కెర ఎంతెయ్యాలో చెప్పి పోతాడు. వెబ్‌సైట్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఊరంతా ఒకటే మాట: "బాగుంది". అర్థం కానిదాన్ని బాగుందనడం మన మర్యాద.

మా మేనల్లుడు అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చి వెబ్ డిజైనర్‌నని బోర్డు కట్టాడు. మొదటి గిరాకీ మార్కాపురంలో ఒక పలకల వ్యాపారి. లింకు వాట్సాప్‌లో పంపి, "చూసి ఒక మాట చెప్పు మామా, మొహమాటం వద్దు" అన్నాడు. మొహమాటం వద్దన్నవాడికి కావలసింది పొగడ్తేనని నాకూ తెలుసు. కానీ నాది డీటీపీ సెంటరు. పెళ్ళిపత్రికలో "వధువు"లోంచి ఒక్క "వు" జారితే ఏం జరుగుతుందో చూసినవాణ్ణి, ఊరుకోలేను.

గుంటూరు రైల్లో కూర్చుని కంభం స్టేషన్లో లింకు నొక్కాను. తర్లుపాడు దాటినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. కెమెరాలోంచి తీసిన ఫొటోలు తీసినట్టే ఎక్కించాడట, ఒక్కోటీ 8 ఎంబీ. మార్కాపురం రోడ్డులో సైటు తెరుచుకుంది. లేత పసుపు మీద తెల్లటి అక్షరాలు! అమ్మేదేమో పలకలు. మామూలు అక్షరానికీ దాని వెనక రంగుకీ కాంతిలో తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. నల్లపలక మీద బలపం ఆ పరీక్ష ఎప్పుడో పాసయింది.

"మా గురించి" నొక్కితే "లోరెమ్ ఇప్సమ్" అంటూ లాటిన్. డిజైనర్లు ఖాళీ నింపడానికి వాడే ఆ ముక్కలు, క్రీస్తుపూర్వం 45లో సిసిరో రాసిన తత్వగ్రంథాన్ని చిందరవందర చేస్తే వచ్చినవి. వ్యాపారి మాత్రం ఎక్స్‌పోర్ట్ కోసం ఫారిన్ భాషలో రాయించాడని మురిసిపోయాడట. ఇక తెలుగు పేజీ. నా దగ్గర అను ఫాంటులో కొట్టించుకున్న మేటరు యూనికోడ్‌లోకి మార్చకుండా అతికించాడు. "పలకలు" ఉండాల్సిన చోట డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. గూగుల్ ఫాంట్స్‌లో సాక్షాత్తూ శ్రీకృష్ణదేవరాయల పేరుతోనే తెలుగు ఫాంటు ఉచితంగా దొరుకుతుంటే!

రాయలంటే గుర్తొచ్చింది. "మా ప్రాంతం" అని ఒక చెరువు ఫొటో పెట్టాడు. చుట్టూ మంచుకొండలు.

"ఇది యాడిదిరా?"

"గూగుల్లో లేక్ అని కొడితే వచ్చింది మామా."

రాయలవారి రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే కంభం చెరువును, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించింది. వీడు మాత్రం ఇంకా గుర్తించలేదు. పక్కన గ్యాలరీ పేజీలో "అండర్ కన్‌స్ట్రక్షన్". గుండ్లకమ్మకు అడ్డంగా కొండకూ కొండకూ మధ్య కట్ట పోసినవాళ్ళు అలాంటి బోర్డు తగిలించి పోయుంటే మనకు పంటలు పండేవా?

సైటుదేముంది, దిద్దుకోవచ్చు. నాకు బెంగ పట్టుకుంది మిగతా వ్యవహారం చూసి. ఎంతకు ఒప్పుకున్నావురా అంటే "ఎంతైతే అంత ఇయ్యండన్నా అన్నా" అన్నాడు. ఎప్పటికిస్తావంటే "అయిపోవచ్చింది". డొమైన్ వ్యాపారి పేరు మీద కాకుండా తన పేరు మీద కొన్నాడు. రేపు ఇద్దరికీ చెడితే దుకాణం పేరు వీడి జేబులో ఉంటుంది. "24 గంటల సేవ" అని పెట్టిన నంబరు మధ్యాహ్నం భోజనమయ్యాక స్విచాఫ్. "మా బృందం" అని సూట్లేసుకున్న ఆరుగురు తెల్లవాళ్ళు. అసలు బృందం వీడూ, వీడికి టీ పెట్టే మా చెల్లెలూ. సంప్రదించాల్సిన మెయిల్: రౌడీప్రిన్స్143.

అన్నీ కాగితం మీద రాసిచ్చాను. సాయంత్రానికి చెల్లెలు ఫోన్. "చిన్నపిల్లోడు రాత్రీ పగలూ కూచుని చేసుకుంటే, బాగుందంటే నీ సొమ్మేం పోతుంది అన్నా?" తర్వాత బావ అందుకున్నాడు. ఆయన సైటు చూడలేదు, అయినా బాగుందన్నాడు.

వాడు మూతి ముడుచుకునే దిద్దాడు. సైటు ఇప్పుడు తర్లుపాడు రాకముందే తెరుచుకుంటోంది. చెరువు మన చెరువే. డొమైన్ వ్యాపారి పేరుకు మారింది, బిల్లు బుక్కూ కొన్నాడు. మెయిల్ మాత్రం మార్చనన్నాడు, ఇంటర్ నుంచీ అదేనట. కాబట్టి సైటు చేయించుకోదలచినవాళ్ళు ఆ పేరు చూసి జడుసుకోకండి. పిల్లాడు బుద్ధిమంతుడే. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు మాత్రం రసీదు అడిగి తీసుకోండి.