బేస్‌మెంటు మేస్త్రి

బేస్‌మెంటు మేస్త్రి న్యూజెర్సీ, ఒహాయో, మిచిగన్ వంటి చలి రాష్ట్రాల తెలుగు ఇళ్లలో కనిపించే జాతి. వయసు నలభై దాటి ఉంటుంది, వృత్తి సాఫ్ట్‌వేర్. ఇండియాలో ఉన్నన్నాళ్లూ బల్బు మార్చడానికి కూడా మనిషిని పిలిపించినవాడే. బేస్‌మెంటులో స్నానాల గదికి ప్లంబరు ఇచ్చిన కొటేషను చదివిన రాత్రి ఇతనిలో తాపీపని నిద్ర లేస్తుంది.

ఇతను కోరేది మామూలు టబ్బు కాదు. కూర్చుంటే మెడదాకా నీళ్లొచ్చే జపాను ఒఫురో తరహా తొట్టి, పక్కన షవరు, అంతటా టైల్స్. బేస్‌మెంటే ఎందుకంటే బరువు లెక్క చెబుతాడు: గ్యాలను నీళ్లు 8.34 పౌండ్లు, 150 గ్యాలన్లకు 1,250 పౌండ్ల పైమాటే, పై అంతస్తు చెక్క దూలాలు దాన్ని మోయాలి, కింద కాంక్రీటు స్లాబుకు ఆ బాధ లేదు. లెక్క సరైనదే. అసలు కారణం మాత్రం, పై అంతస్తులో పగలగొట్టడానికి ఇంట్లో అనుమతి రాకపోవడం.

జాక్‌హ్యామర్ అద్దెకొస్తుంది, స్లాబు పగులుతుంది. ఇంటి మురుగు గొట్టం ఆ నేలకన్నా ఎత్తులో పోతోందని అప్పుడు తెలుస్తుంది. అంటే వాడిన నీళ్లను పైకి తోసే ఎజెక్టర్ పంపు కావాలి. బడ్జెటు షీటులో అది లేదు కనుక ‘ఇతరాలు’ గడిలోకి వెళ్తుంది. పని ముగిసేసరికి షీటులో అన్నిటికన్నా పెద్ద అంకె ఆ గడిదే.

తర్వాత జ్ఞానోదయం. నీటిని ఆపేవి టైల్సూ గ్రౌటూ కావు, వాటి కింద పూసే వాటర్‌ప్రూఫ్ పొర. అది ఆరాక డ్రెయిన్‌కు బిరడా పెట్టి, నీళ్లు నింపి, 24 గంటలు మట్టం తగ్గకుండా ఉంటేనే టైల్స్ అంటించాలి. ఆ రాత్రి ఇతను గంటకోసారి టార్చి పట్టుకుని కిందికి దిగి పెన్సిల్ గీత చూసి వస్తాడు. భార్య ఏమీ అనదు. పురిటి ఆసుపత్రిలో ఇతను గురక పెట్టిన సంగతి మాత్రం ఫోనులో తన తల్లికి గుర్తుచేస్తుంది. అప్పటినుంచి ఎవరింటికి భోజనానికెళ్లినా బాత్‌రూమ్ గోడలు తట్టి చూస్తాడు. ఎక్కడైనా బోలుగా మోగితే, బయటికొచ్చి ఇంటాయన వైపు జాలిగా చూస్తాడు. షవరు నేలకు అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలని పప్పు గిన్నె వంచి చూపిస్తాడు.

తొలి స్నానం నాడు 50 గ్యాలన్ల హీటరు చేతులెత్తేస్తుంది. వేడినీళ్లు మోకాళ్ల దగ్గర ఆగిపోతాయి. హీటరు మళ్లీ కాగేలోపు ఆ ఉన్న వేడిని కాంక్రీటు తాగేస్తుంది.

వేసవిలో విజిటర్ వీసా మీద తల్లిదండ్రులొస్తారు. తండ్రి టైల్స్ వరుస మెచ్చుకుంటాడు. తల్లి తొంగిచూసి ఇందులోకి దిగేదెట్లా, దీన్ని తోమేదెవరు అని అడుగుతుంది. రెండోదానికి జవాబుండదు. మొదటిదానికి ఇతను మర్నాడే పట్టుకునే స్టీలు కడ్డీ తెచ్చి గోడకు బిగిస్తాడు. వాటర్‌ప్రూఫ్ పొరకు ఆరు చిల్లులు పడతాయి.