నీటి బండి పద్యానికి టీకా తాత్పర్యం

శ్రీనాథుడు పల్నాడు వచ్చి, గుక్కెడు నీళ్ళు దొరకక చాటువుల్లో మమ్మల్ని దులిపి వెళ్ళాడని చెప్పుకుంటారు. ఇప్పుడాయన మాచర్ల దాటి విజయపురి సౌత్ లాంచీ రేవులో నిలబడితే ఏమనేవాడో గానీ, నీళ్ళలో పడ్డ పల్నాటివాడి మీద ఒక చాటువు రాయాల్సిన పని నాకు తగిలింది. కారణం మా మేనల్లుడు. గురజాల కుర్రాడు. సముద్రం చూద్దామని స్నేహితులతో వెళ్ళి, జెట్ స్కీ ఎక్కి, బండి ఒకచోట తానొకచోట తేలాడు. చేతికి ఉండాల్సిన తాడు హ్యాండిల్‌కి వేలాడుతూ కనిపించిందట. వాడికోసం ఆటవెలది రాసి పంపితే, ‘మామయ్యా, అర్థం కాలేదు’ అన్నాడు. టీక తప్పలేదు.

మూలం

నీటి మీద బండి నిలువదు, బ్రేకులే
లేవు, తాడు చేత లేకయున్న
పడిన దొరను వదలి పరుగెత్తి పోవును
వినుము పడుచువాడ! వేగమేల!

ప్రతిపదార్థం

పడుచువాడ = ఓ యువకుడా; వినుము = సెల్ఫీ ఆపి ఆలకింపుము; నీటి మీద బండి = జెట్ స్కీ; నిలువదు = ఆగమన్నచోట ఆగదు; బ్రేకులే లేవు = గతినిరోధక యంత్రములు బొత్తిగా లేవు; తాడు = ఇంజను ఆపు తాడు; చేత = మణికట్టున; లేకయున్న = లేనిచో; పడిన దొరను = జారిపడిన, అద్దె కట్టిన మహారాజును; వదలి పరుగెత్తి పోవును = విడిచి పారిపోవును; వేగము ఏల = అంత తొందర ఎందులకు?

తాత్పర్యం

తాడు కట్టుకోరా.

విశేషాలు

‘నీటి’: ఏ నీరు? మాకు నీరంటే నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళొదిలారు. పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఇక్ష్వాకుల విజయపురి ఆ నీటి అడుగునే ఉంది. నాగార్జునకొండకు లాంచీలో వెళ్ళేవాడు ఒక రాజధాని మీదుగా పోతున్నాడన్నమాట. పట్టణాన్నే ముంచిన నీటికి మనిషి ఒక లెక్కా అని వ్యాఖ్యాత గుండె కాస్త జారుతుంది.

‘బండి’: జెట్ స్కీ అన్నది జాతివాచకం కాదు, కవాసాకి కంపెనీ పెట్టుకున్న పేరు. వనస్పతి అంతా డాల్డా అయినట్టు, నీటి బళ్ళన్నీ జెట్ స్కీలయ్యాయి. దీనికి చక్రం లేదు, చుక్కాని లేదు. అడుగు నుంచి నీళ్ళు పీల్చి, వెనక గొట్టంలోంచి చిమ్ముతుంది. హ్యాండిల్ తిప్పితే తిరిగేది ఆ గొట్టమే. ఇక్కడే ఉంది కిటుకంతా. ఎదురుగా ఏదో కనబడగానే కొత్తవాడు భయపడి యాక్సిలరేటర్ వదిలేసి, హ్యాండిల్ పక్కకు తిప్పుతాడు. యాక్సిలరేటర్ వదిలాక ధార లేదు, ధార లేకపోతే మలుపు లేదు. బండి సూటిగా వెళ్ళి ఏదైతే తప్పించుకోవాలనుకున్నాడో దాన్నే గుద్దుతుంది. నరసరావుపేట రోడ్డు మీద ప్రాణం కాపాడే అలవాటు నీటి మీద ప్రాణం తీస్తుంది. ‘నిలువదు’ అని ఊరుకున్నాను గానీ, ‘మలగదు’ అని కూడా అనాల్సింది. గణాలు కుదురుతాయి, యతి కుదరలేదు.

‘బ్రేకులే’: ఆక్షేపం. సీ-డూ కంపెనీవారు కొన్ని బళ్ళకు బ్రేకు పెట్టారు గదా, ‘లేవు’ అనడం అసత్యదోషం కాదా? సమాధానం. అది చక్రాన్ని పట్టే బ్రేకు కాదు, నీటిధారను ముందుకు మళ్ళించే తలుపు. పైగా అద్దె బండికి అది ఉంటుందని నమ్మి ఎక్కేవాడికి ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

‘తాడు’: జంధ్యం కాదు, పగ్గం కాదు. చుట్టలు చుట్టుకున్న ప్లాస్టిక్ తాడు. ఒక కొస మణికట్టుకో జాకెట్టుకో, రెండో కొస ఇంజను మీటకు. మనిషి పడితే కొస ఊడుతుంది, ఇంజను ఆగుతుంది. మా వాడు రెండో కొస తగిలించి మొదటిది వదిలేశాడు. బండి స్టార్టయింది గనక అంతా సరిగ్గానే ఉందనుకున్నాడు.

‘పరుగెత్తి’: అతిశయోక్తి, ఒప్పుకుంటున్నాను. యాక్సిలరేటర్ మీద వేలు తీయగానే వేగం తగ్గుతుంది. కానీ ఇంజను ఆగదు. గాలికీ అలకూ బండి జరుగుతూ పోతుంటే వెనక ఈదేవాడికి అది పరుగే.

‘దొర’: శ్లేష. డబ్బు కట్టినవాడు దొర. బండి హ్యాండిల్ పట్టినవాడూ దొరే. అద్దెకిచ్చినవాడు ఒడ్డున ఉంటాడు, వెనక కూర్చున్న చెల్లెలు తన చేతిలో ఏమీ లేదని అన్నను పట్టుకుని ఉంటుంది. ఆమె వెనక్కి జారి ధారకు ఎదురుగా పడితే లోపలి అవయవాలే చిరగొచ్చు. కాబట్టి ఆమె బాధ్యత కూడా దొరదే. అద్దె చీటీ మీద ఎవరి సంతకం ఉన్నా సరే.

‘పడుచువాడ’: ఇది పల్నాటి వీరుడు బాలచంద్రుడికి సంబోధన అని మా వీధిలో ఒక పెద్దాయన వాదం. కారంపూడి రణరంగంలో వెనక్కి చూడనివాడు గొప్పవాడు. నీటి మీద మాత్రం మలుపు తిరిగే ముందు వెనక్కి చూసినవాడే గొప్పవాడు. ఇంకో మెలిక కూడా ఉంది. మన రోడ్డు మీద ఎడమకు తప్పుకుంటాం. నీటి మీద ఎదురెదురుగా వచ్చిన రెండు బళ్ళూ కుడికి తప్పుకోవాలి. ఒకడు కుడికి, ఒకడు ఎడమకు జరిగితే ఇద్దరూ కలుస్తారు.

అధికారి నిర్ణయం

పద్యంలో లైఫ్ జాకెట్టు లేదేమని అడుగుతారు. వేదాంతగ్రంథాల్లో మొదట అధికారి ఎవరో చెబుతారు. ఇక్కడ బకిల్సన్నీ బిగించిన జాకెట్టుతో వచ్చినవాడే ఈ పద్యం వినడానికి అర్హుడు. మందు వేసుకొచ్చినవాడు అనధికారి. ‘నాగులేట్లో పుట్టి పెరిగాను, నాకు జాకెట్టెందుకు?’ అనేది పూర్వపక్షం. ఈదడానికి స్పృహ ఉండాలి, తేలడానికి జాకెట్టు చాలు. వేగంగా వచ్చి పడినవాడికి ఆ స్పృహ ఉంటుందని పూచీ ఎవరిది?

ఇక్కడ నవ్వు ఆపుతాను. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు గోదావరిలో మునిగి యాభై మంది దాకా పోయారు. పడవలకు వర్తించే 1917 నాటి చట్టం తీసేసి 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం తెచ్చారు. జాకెట్టు బకిల్ బిగించాల్సింది మాత్రం ఎక్కేవాడి వేళ్ళే.

పాఠాంతరం

మా మేనల్లుడి ఫోన్లోంచి చెలామణి అవుతున్న ప్రతిలో చివరి పాదం ‘వేగమేలు’ అని కనిపిస్తోంది. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు. అయినా గ్రాహ్యం కాదు. తాడు కట్టుకోనివాడు దిద్దిన పాఠం అది.