ఐఫోన్ గడిలో సున్నా

మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ. పిల్లలు దూరాన ఉండి, ఊళ్లో ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్ల కోసం ఒక యాప్ నడుపుతోంది. తెరిస్తే మూడే బొత్తాలు: మందులు, డాక్టరు, తోడు. ఏది నొక్కినా ఆ ఊళ్లో ఉన్న కంపెనీ మనిషి ఇంటికి వెళ్లాలి. 'తోడు' నొక్కితే ఓ గంట కూర్చుని, నాలుగు కబుర్లు చెప్పి రావాలి. కంపెనీ పెట్టినాయనది తెనాలి. తండ్రి పోయాక తల్లి అక్కడ ఒక్కతే ఉంటోంది. ఆ మూడో బొత్తాం ఆమెను తలుచుకుని పెట్టిందే.

యాప్‌ను రియాక్ట్ నేటివ్‌లో రాశారు. ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ చాలావరకు ఒకటే కోడ్. సర్వర్లు మాత్రం మూడు. రాసేవాళ్లకు డెవ్, పరీక్షించేవాళ్లకు స్టేజింగ్, జనానికి ప్రొడక్షన్. ఏ బిల్డ్ ఏ సర్వర్‌తో మాట్లాడాలన్నది బిల్డ్ చేసేటప్పుడే తేలిపోతుంది.

ఆండ్రాయిడ్ వైపు పని తొందరగా అయింది. గ్రేడిల్ ఫైల్లో మూడు ఫ్లేవర్లు రాసి, ఒక్కోదానికి వేరే అప్లికేషన్ ఐడీ ఇచ్చారు. మూడు యాప్‌లూ ఒకే ఫోన్‌లో పక్కపక్కనే ఉంటాయి. ఐఫోన్ వైపు ఫ్లేవర్లు లేవు. ఎక్స్‌కోడ్‌లో కాన్ఫిగరేషన్లు విడిగా చేసి స్కీమ్‌లకు ముడిపెట్టాలి. విడుదల తేదీ ముంచుకొస్తోంది. అప్లికేషన్ ఐడీలాంటిదే అయిన బండిల్ ఐడీ మూడింటికీ ఒకటే ఉంచేశారు. విడివిడిగా పెడితే ఒక్కోదానికీ ప్రొవిజనింగ్ ప్రొఫైల్ చేయించాలి మరి.

స్టేజింగ్ సర్వర్‌లో ఒక ఏర్పాటు ఉంది. అక్కడ ఎవరైనా బొత్తాం నొక్కితే వెళ్లడానికి మనుషులుండరు. అందుకని పది నిమిషాలకు దానంతట అదే 'పూర్తయింది' అని పడేలా స్క్రిప్ట్ రాశారు. ఆ వెంటనే యాప్ నక్షత్రాలు అడుగుతుంది, రెండు ముక్కలు రాయడానికి గడి చూపిస్తుంది. పరీక్షించేవాళ్లకు మొదటినుంచి చివరిదాకా అన్నీ చూసుకునే వీలు దొరికింది.

విడుదలైన మూడు నెలలకు సమీక్ష పెట్టారు. గోడమీద పట్టిక. ఫిర్యాదులు అన్న వరసలో ఆండ్రాయిడ్ గడిలో మూడంకెల సంఖ్య. మనిషి ఆలస్యంగా వచ్చాడని, మందులు ఒకదానికి ఇంకొకటి తెచ్చాడని, వచ్చినవాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడని. ఐఫోన్ గడిలో సున్నా.

కంపెనీ ఆయన లేచి వెళ్లి ఆ సున్నా చుట్టూ వేలితో గీశాడు.

"ఇదీ నాకు కావలసింది. ఆండ్రాయిడ్ వాళ్లు వీళ్లను చూసి నేర్చుకోండి. మా అమ్మదీ ఐఫోనే. ఆదివారం ఆదివారం అడుగుతుంటాను, మనవాళ్లు సరిగ్గా వస్తున్నారా అమ్మా అని. బాగా వస్తున్నారు నాన్నా, నా సంగతి వదిలెయ్, నువ్వు వేళకు తిను అంటుంది."

పెట్టుబడి పెట్టేవాళ్లకు చూపించే కాగితాల్లో మొదటి పేజీ మీదే ఆ సున్నా ఉండాలన్నాడు. అక్షరాలు పెద్దవి చేయమన్నాడు. ఐఫోన్ బిల్డ్ చేసిన కుర్రాడికి అందరూ చప్పట్లు కొట్టారు.

కొత్తగా చేరిన అమ్మాయి చెయ్యెత్తింది.

"ఫిర్యాదులు సున్నా సరే సర్. మొత్తం పిలుపులు ఎన్ని వచ్చాయి?"

చూశారు. యాప్ విడుదలైన రోజునుంచి ఐఫోన్‌లలో పిలుపులూ సున్నాయే. యాప్ స్టోర్ లెక్కల్లో డౌన్‌లోడ్లు వందల్లో ఉన్నాయి.

కుర్రాడు తన ఐఫోన్‌కు కేబుల్ పెట్టి రన్ కొట్టాడు. ప్రొడక్షనే తెరుచుకుంది. "చూడండి సర్, బాగానే ఉంది" అన్నాడు. ఆ అమ్మాయి స్కీమ్ తెరవమంది. రన్, టెస్ట్, ప్రొఫైల్, అనలైజ్, ఆర్కైవ్ అని ఐదు వరసలు. ఏ వరస కాన్ఫిగరేషన్ ఆ వరసదే. ప్రొడక్షన్ స్కీమ్‌ను మొదటినుంచి చేయలేదు, స్టేజింగ్‌దాన్ని డూప్లికేట్ చేశారు. పై నాలుగు వరసలూ మార్చారు. ఆర్కైవ్ ఎదురుగా 'రిలీజ్-స్టేజింగ్' అనే ఉంది.

బల్లమీద నడిచేది రన్. స్టోర్‌కు వెళ్లేది ఆర్కైవ్. ఇలాంటి తప్పుకు బిల్డ్ ఆగదు, ఎర్ర గీత రాదు. స్టేజింగ్ సర్వర్ చక్కగా జవాబిస్తుంది కాబట్టి ఆపిల్ సమీక్షలోనూ పట్టుబడదు. స్టేజింగ్‌కు వేరే బండిల్ ఐడీ ఉండి ఉంటే మాత్రం ఆ బిల్డ్ స్టోర్ గడపలోనే ఆగిపోయేది.

స్టేజింగ్ డేటాబేస్ తెరిచారు. కంపెనీ ఆయన కుర్చీ లాక్కుని తనే కూర్చున్నాడు. పైనంతా పరీక్షించేవాళ్లు కొట్టిన 'టెస్ట్ టెస్ట్'లు. కిందికి దిగేకొద్దీ నిజం ఫోన్ నంబర్లు. విజయవాడనుంచి ఒకరు బీపీ మాత్రలు అడిగారు. పది నిమిషాలకు పూర్తయింది. ఏలూరునుంచి ఒకాయన జ్వరమని డాక్టర్ని అడిగాడు. పది నిమిషాలకు పూర్తయింది. ఆయనే అరగంటకు మళ్లీ అడిగాడు. పది నిమిషాలకు మళ్లీ పూర్తయింది. వాళ్లిద్దరూ ఆ తర్వాత కనిపించలేదు. ఒకటీ రెండూ నక్షత్రాలిచ్చి యాప్ తీసేసినట్టున్నారు.

"అందరికీ ఇప్పుడే ఫోన్లు చేయండి. మన మనుషుల్ని పంపించండి" అంటూనే ఆయన జాబితా కిందికి జరుపుతున్నాడు.

ఒకచోట చెయ్యి ఆగింది. తెనాలి నంబరు. కుర్రాడు పేరు వెతకబోతే అక్కర్లేదన్నాడు.

ఆ నంబరునుంచి మందులు ఒక్కసారీ అడగలేదు. డాక్టర్ని అడగలేదు. అన్నీ 'తోడు' పిలుపులే, అన్నీ సాయంత్రం వేళవే. మూడు నెలల్లో వారం తప్పలేదు. ప్రతిదాని ఎదురుగా 'పూర్తయింది' అని ఉంది. ప్రతిదానికీ ఐదు నక్షత్రాలున్నాయి. గడిలో ప్రతిసారీ అదే మాట:

"ఎవరూ రాలేదు. మా అబ్బాయికి చెప్పకండి."