మద్దెలలో స్టాక్‌ఫిష్

ఆడలేక మద్దెల ఓడు అనడం పాత పద్ధతి. ఇప్పుడు మద్దెలలో స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్, అంటే ఎత్తులు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం, ఉందంటున్నారు. మా మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీలో ఈమధ్య ఆన్‌లైన్ చెస్ ఓడినవాళ్లంటూ ఎవరూ లేరు. అందరూ మోసపోయినవాళ్లే.

ఈ విద్యలో జగద్గురువు వ్లాదిమిర్ క్రామ్నిక్, మాజీ ప్రపంచ చాంపియన్. 2006లో ఎలిస్తాలో తొపలోవ్‌తో టైటిల్ పోరు జరుగుతుంటే, ఈయన మాటిమాటికీ బాత్రూంకి వెళ్తున్నాడని అవతలి మేనేజర్ ఫిర్యాదు చేశాడు. అధికారులు బాత్రూంకి తాళం వేశారు, ఈయన అయిదో ఆటకు కూర్చోనన్నాడు, ఆ పాయింటు పోయింది. అయినా టైటిల్ గెలిచాడు. రుజువైంది ఏమీ లేదు. ఉత్త అనుమానం ఎంత చేదుగా ఉంటుందో ఈయనకంటే బాగా తెలిసిన మనిషి ఇంకొకడు ఉండడు. అందుకే కాబోలు, 2023 నుంచి తనే వడ్డన మొదలుపెట్టాడు.

ఫలానావాడు దొంగ అని అనడు. అంకెలు చూడండి, చిత్రంగా లేవూ అంటాడు. అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా ఒక వరుసలో 46 ఆటలాడి 45.5 పాయింట్లు తెచ్చుకోవడం చిత్రమైంది. వేలకు వేలు బ్లిట్జ్ ఆటలాడినవాడి ఖాతాలోంచి బాగా గెలిచిన ముక్కొకటి కోసి చూపిస్తే చిత్రంగానే ఉంటుంది మరి. ఆ ఆటలు జరిగిన సైటు చెస్.కామ్ వాళ్లు లెక్కలన్నీ తిరగేసి మోసమేమీ లేదన్నారు. దాంతో చెస్.కామ్ మీద కూడా అనుమానం వచ్చింది!

అసలు దొంగలు లేరనడం లేదు. 2021 జూన్‌లో విశ్వనాథన్ ఆనంద్‌తో విరాళాల కోసం ఆడిన ఆటలో వ్యాపారవేత్త నిఖిల్ కామత్ కంప్యూటర్ సాయం తీసుకున్నానని తనే ఒప్పుకున్నాడు. మూసిన అకౌంటు మళ్లీ తెరిచారు, రేటింగు లేని ఆట కదా అని. చేసినవాడికి ఒక్క ట్వీటుతో సరిపోయింది. చేయనివాడు మాత్రం దేనికి క్షమాపణ చెప్పాలో తెలియక తిరగాలి.

అమెరికా గ్రాండ్‌మాస్టర్ డానియెల్ నరోడిట్‌స్కీ అలాగే తిరిగాడు. 2024 అక్టోబర్ నుంచి ఏడాదిపాటు క్రామ్నిక్ ఆయన్ని వదల్లేదు. బాగా ఆడితే చాలు జనం చెడే ఊహిస్తున్నారని చివరి లైవ్‌లో చెప్పుకుని బాధపడ్డాడు. 2025 అక్టోబర్ 19న, 29 ఏళ్లకే చనిపోయాడు. ఎందుకని నేను ఊహించను. ఆధారం లేకుండా తేల్చే పని వేరేవాళ్లది. ప్రపంచ సమాఖ్య ఫిడే మాత్రం నవంబర్‌లో మేలుకుని, క్రామ్నిక్ మీద తన నైతిక సంఘానికి తనే ఫిర్యాదు చేసుకుంది. ఏం తొందర!

ఇక మా శాఖ. డీజిల్ షెడ్డులో సర్వీసంతా ఇంజిన్ల మోత విని రిటైరైన ఒక పెద్దాయనకు ఇప్పుడు మోత లేని ఇంజిన్లు కూడా వినబడుతున్నాయి. మూడు నిమిషాల ఆటలో పదో తరగతి పిల్లవాడికి మంత్రిని ఊరికే ఇచ్చేసి, ఆట కట్టగానే రిపోర్ట్ బటన్ నొక్కాడు. అది చాలక స్క్రీన్‌షాట్ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: 'ఆక్యురసీ 96 అంట. మనిషి ఆడేదేనా ఇది?'

మనిషి ఆడేదే సార్. మొదటి పది ఎత్తులు వాడు బట్టీ పట్టినవి, తర్వాతివన్నీ మీ చలవ. ఊరికే వచ్చిన మంత్రిని చంపడానికి కంప్యూటర్ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. ఆ 96లో సగం మీ కష్టార్జితమే.

హనుమకొండ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ జాబితాలో 2800 రేటింగు దాటాడు. చిన్నప్పుడు మా గ్రూపులో లేడు, బతికిపోయాడు.

పిల్లవాడు పెద్దాయన ఇంటికే వెళ్లాడు. "అంకుల్, నిజంగ నేనే ఆడిన."

"తప్పు జేయనోడు ఇంటిదాంక వచ్చి చెప్తడారా?"

మర్నాటి నుంచి వాడు అటువైపు వెళ్లలేదు. గ్రూపులో ఇంకో మెసేజ్ పడింది: 'చూసిండ్రా, మొహం చాటేసిండు.' కింద పదిహేను దండాల బొమ్మలు.

వాడిప్పుడు ఆడుతూనే ఉన్నాడట. ఆట మధ్యలో కావాలని ఒక గుర్రాన్ని వదిలేసుకుంటున్నాడట, మనిషినని నమ్మించడానికి. అయినా గెలుస్తున్నాడు. పెద్దాయన మళ్లీ రిపోర్ట్ కొట్టాడు: అనుమానం రాకుండా తప్పులు చేస్తున్నాడని.